మొఖమెత్తి ఒకపారి

"రొట్టె చరుస్తున్నవా, దరువేస్తున్నవా?"

అత్తమ్మ దుర్గమ్మ వంటింటి బయట పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది. బిందు చేయి ఆగింది. జొన్నరొట్టె సగం గుండ్రమై ఆగింది. ముసలామె అన్నది నిజమే. చేయి తనకు తెలియకుండానే పాట వెంట పోయింది. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, కొంచెం ఆగడం. కాలి బొటనవేలు కూడా చెప్పకుండానే బండ మీద తాళం వేస్తోంది.

"రొట్టెనే అత్తమ్మా."

"రొట్టెనైతె మంచిదే. అంచులు పగులుతున్నయి మరి, జూస్కో."

బిందు నవ్వు మింగి, తడిచేత్తో అంచులు సర్ది, రొట్టెను పెనం మీద వేసింది. పైన నీళ్ళు అద్దుతుంటే హాల్లోంచి భర్త పిలుపు వచ్చింది.

"ఇగో, చాయ్."

పరమేష్ ఆమెను పేరు పెట్టి పిలవడు. పెళ్ళయిన కొత్తలో సిగ్గుకొద్దీ "ఇగో" అనేవాడు. సిగ్గు పోయింది, ఇగో మిగిలింది.

చాయ్ పట్టుకుపోతే సోఫాలో ఫోన్ చూసుకుంటూ చేయి చాపాడు. కప్పు చేతిలో పడింది. కళ్ళు ఫోన్‌లోనే ఉన్నాయి. మొదట వ్యవసాయం చేశాడు, తర్వాత ప్లాట్లు అమ్మాడు, ఇప్పుడు వార్డుకు కౌన్సిలర్‌గా నిలబడాలని తిరుగుతున్నాడు. కొత్త ఫ్లెక్సీ ఎట్లా ఉండాలో ఎవరో నమూనా పంపారు. అందులో తన మొఖాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంటున్నాడు.

"ఐతారం నాటకమట గద మీ కాలేజీల. బిడ్డ జెప్పింది."

"ఔ."

"స్టేజీ మీద ఎగురుడు గూడ ఉంటదట?"

"ఎగురుడు గాదు. పాట. అందరం కలిసి పాడుతం. పాటకు తగ్గట్టు అడుగులేస్తం."

"ఏదో ఒకటి. నేనేం వద్దనలే. నేను గట్లాంటోన్ని గాదు." ఫ్లెక్సీలో మీసం మీద వేలు పెట్టి చూశాడు. "జర ఎనక వరసల నిలవడు. మొఖం కనవడకుంట. ఓట్లకు పొయ్యేటోళ్ళం. పరమేష్ పెండ్లాం స్టేజీలెక్కుతాంది అని ఎవడన్న అన్నడనుకో, మంచిగుండది."

"సరే" అంది బిందు.

సరే అనే మాట ఆమెకు పోపుల డబ్బాలో ఆవాల లాంటిది. వెతుక్కోవలసిన పని లేదు. చేయి పెడితే అదే వస్తుంది.

వంటింట్లోకి తిరిగి వచ్చేసరికి రొట్టె ఒక పక్క మాడింది. ఆ రొట్టెను తన కోసం పక్కన పెట్టుకుంది. మాడింది ఎప్పుడూ ఆమెదే. ఎవరూ పెట్టిన నియమం కాదు. మొదటి రోజు తనే తీసుకుంది, తర్వాత అది ఆమెదైపోయింది.

ఆమె కాలేజీలో చేరడం కూడా తమాషాగానే జరిగింది. శామీర్‌పేట రోడ్డు మీద నాటకం, సంగీతం నేర్పే చిన్న కాలేజీ ఒకటుంది. వయసుతో పని లేదని బోర్డు మీదే రాసి ఉంది. కూతురు రక్షిత ఆ బోర్డు చూసి, "అమ్మా, నువ్వు పోవచ్చు" అని పట్టుపట్టింది. పరమేష్‌కు చెబితే కాసేపు ఆలోచించాడు. సుచిత్ర చౌరస్తా దగ్గర అతని దోస్తు శేఖర్ స్కూలు తెరవబోతున్నాడు. అందులో ఇతనికీ వాటా ఉంది. "మంచిదే. సర్టిఫికెట్ తెచ్చుకుంటె మన స్కూల్లనే పాటల టీచరు. బయటోళ్ళను పెట్టుడెందుకు, జీతమిచ్చుడెందుకు?" అన్నాడు. ఆవును మేతకు వదిలినట్టు వదిలాడన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు పాలతో రావాలి. ఆ రోజు బిందుకు కోపం రావలసింది. రాలేదు. గేటు తీసి ఉంది, ముందు బయట పడదాం అనుకుంది.

పొద్దున వంట, అందరి డబ్బాలు, అత్తమ్మ కాళ్ళకు నూనె, ఇంటికి వచ్చే పార్టీవాళ్ళకు చాయ్‌లు, పనులన్నీ తెమిలాక స్కూటీ తీస్తుంది. మేడ్చల్ దాటి పొలాలు మొదలవగానే గొంతు విప్పుతుంది. హెల్మెట్‌లో పాట భలే మోగుతుంది. ఎవరికీ వినబడదు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వచ్చినా ఆపదు.

కాలేజీలో వాళ్ళు వేస్తున్న నాటకం పేరు సంత. మాటల కంటే పాటలే ఎక్కువ. తెల్లవారుజామున కూరగాయల తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు సంతకు రావడంతో మొదలవుతుంది. ఆ మొదటి పాటలో హీరోయిన్ లేదు. అందరూ కలిసి పాడాలి, అందరూ కలిసి అడుగు వేయాలి.

దించవే తట్ట దించవే అక్కా
నెత్తి మీది బరువు నేల మీద పెట్టు
మొఖమెత్తి ఒకపారి మమ్ముల జూడు

ఈ పాట దగ్గరే బిందు మొదటి నుంచీ ఒక తప్పు చేస్తోంది. గొంతులో తప్పు లేదు, తాళంలో లేదు. తిరగడంలో ఉంది. వరసగా నిలబడి, తట్ట దించి, చప్పట్లు కొడుతూ ముందుకు రావాలి. చప్పట్లు మొదలవగానే బిందు లోపలికి తిరుగుతుంది. చూసేవాళ్ళకు వీపు పెడుతుంది. ఆమె ఒక్కతే అయితే సరిపోయేది. ఆమె పక్కన నిలబడేది తూంకుంట ఊరి పిల్ల, ఆ పక్కన కీసర పిల్ల. వాళ్ళ కాళ్ళకూ ఆ అలవాటే ఉంది. బిందు తిరగగానే వాళ్ళూ తిరుగుతారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు. రెండో చప్పట్లకల్లా వరసంతా వంగి గుండ్రమైపోతుంది. మధ్యలో బతుకమ్మ ఒక్కటే తక్కువ.

నాటకం నేర్పే సీతామహాలక్ష్మి మేడం మొదటిసారి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆమెది గోదావరి దిక్కు.

"ఏమ్మా, నేను గీత గీస్తే మీరు సున్నా చుట్టారేంటి? ప్రేక్షకులు ఇటున్నారు తల్లీ!"

"అలవాటైంది మేడం" అంది బిందు. "బతుకమ్మకు గట్లనే తిరుగుతం. నడుమ ఉన్న బతుకమ్మ దిక్కు జూసి పాడుతం."

"మరి చూడ్డానికి వచ్చినవాళ్ళకు మీ వీపులేనా?"

"ఆళ్ళ కోసం ఆడితె గద మేడం."

పిల్లలంతా పడీపడీ నవ్వారు. మేడం కూడా నవ్వింది. యాప్రాల్ నుంచి వచ్చే అశ్రిత మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ డాన్సు క్లాసులకు పోయిన పిల్ల. అడుగు తప్పితే ఒప్పుకోదు. రోజూ పక్క నుంచి "ఆంటీ, ఫ్రంట్! ఫ్రంట్!" అని గిచ్చినట్టు అనేది. కొన్నాళ్ళకు ఆంటీ పోయి అక్క అయింది. గిచ్చుడు మాత్రం పోలేదు.

పరమేష్ వెనక వరస మాట అన్న రోజు బిందు కాలేజీకి రాగానే నేరుగా మేడం దగ్గరికి పోయింది.

"మేడం, నన్ను ఎనక వరసల పెట్టుండ్రి."

"ఎందుకమ్మా?"

"ఇంట్ల జర..." అని ఆగింది. "మొఖం కనవడొద్దన్నరు."

 మేడం తిట్టలేదు, జాలి పడలేదు. పని చెప్పినట్టు చెప్పింది.

"ఈ పాటలో వెనక వరస లేదు బిందూ. మొదటి చరణంలో వెనకున్నవాళ్ళు రెండో చరణానికి ముందుకొస్తారు. ఎవరి తట్ట వాళ్ళు ముందుకు తెచ్చి దించాలి. సంతలో వెనక కూర్చుంటే బేరమెవరిస్తారు?"

"రెండో చరణంల గూడ నేను ఎనకనే ఉంట."

"నువ్వు కదలకపోతే నీ ముందున్న పిల్ల ఎటుపోవాలి? ఆ పిల్ల ఆగితే పక్క పిల్ల ఆగుతుంది. ఒకరు నిలబడిపోతే పాటంతా నిలబడిపోతుంది." మేడం గొంతు తగ్గించింది. "ఉంటే మొత్తం ఉండు. లేదంటే రేపు పొద్దున చెప్పెయ్యి, ఇంకొకరికి నేర్పుకుంటాను. తప్పేం లేదు. కానీ సగం ఉండటం మాత్రం కుదరదు."

బిందు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. రేపటికి చెప్పాలి. పాట వదులుకోవాలా, ఇంట్లో మాట దాటాలా. రెండూ కాని మూడో దారి ఉంటుందేమోనని వచ్చింది. అది లేదు. అశ్రిత సీసాలో నీళ్ళు తాగుతూ వచ్చి పక్కన కూలబడింది.

"ఏమైందక్కా? మొహం అలా పెట్టావ్?"

బిందు చెప్పింది. అశ్రిత కళ్ళు పెద్దవి చేసింది.

"అంకుల్ ఫ్లెక్సీ నేను మేడ్చల్‌లో చూశాను కదా! బస్సులో నుంచి. ఎన్ని మొహాలున్నాయో అందులో. ఒక చిన్నోడు కూడా ఉన్నాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని."

"ఆడు మా మరిది కొడుకు. అన్వేష్."

"వాడికి ఓటుందా?"

"ఇంక పాలడబ్బే ఇడువలే."

అశ్రిత పకపకా నవ్వింది. బిందుకూ నవ్వు వచ్చింది. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అశ్రిత ఆ కొంగు లాగేసింది.

"నవ్వడానికి కూడా వెనక వరసేనా అక్కా?"

లోపలి నుంచి డోలక్ మోగింది. మేడం అందరినీ పిలుస్తోంది. పోయి చూస్తే నేల మీద గీసిన సుద్ద గీతలన్నీ తుడిపించి నిలబడి ఉంది.

"పిల్లలూ, ఆలోచిస్తే నాదే తప్పు. కాళ్ళకు వచ్చిన దాన్ని వద్దని, రానిదాన్ని రుద్దుతున్నాను. బిందూ, ఆ సున్నా మళ్ళీ చుట్టు."

"ఏంది మేడం?"

"మీ బతుకమ్మ ఎట్లా తిరుగుతారో అట్లాగే తిరగండి. తట్టలన్నీ మధ్యలో దించండి. చూసేవాళ్ళకు వీపులే కనబడనీ. వీళ్ళు వాళ్ళలో వాళ్ళే పాడుకుంటున్నారు అనుకోనీ. మొఖమెత్తి అనే మాట దగ్గర మాత్రం, అందరూ ఒక్కసారి ఇటు తిరగాలి. సంతలో తెల్లవారడమంటే అదే."

పిల్లలు హోరుమన్నారు. తూంకుంట పిల్ల ఈల వేసింది.

"లోపలికి తిరిగితే నేను మీకు కనబడను. తిరగమని ఎవరో ఒకరు చప్పట్లతో చెప్పాలి. పెద్ద దెబ్బ బిందుది. ఆ దెబ్బకే అందరూ తిరుగుతారు."

తట్టలు మధ్యలో కుప్పగా చేరాయి. వంగారు, చప్పట్లు కొట్టారు, అడుగు వేశారు. బిందుకు కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. పుట్టిల్లు రావల్కోల్‌లో పరికిణీ కట్టిన నాటి నుంచీ ఇదే అడుగు. అశ్రితకే కష్టమైంది. ఎంత డాన్సు నేర్చినా ఆ పిల్ల నడుము గుండ్రంలో వంగడం లేదు. "అక్కా, స్లో, స్లో" అంటుంటే, "లోపటికి, లోపటికి!" అని బిందు గిచ్చి బాకీ తీర్చుకుంది.

రెండు చిన్న దెబ్బలు. ఆ తర్వాత బిందు పెద్ద దెబ్బ కొట్టింది. మొఖమెత్తి అని అందరూ మేడం దిక్కు తిరిగారు.

బిందు తిరగలేదు.

డోలక్ ఆగింది. గుండ్రంలో ఆమె నిలబడ్డది కుర్చీల దిక్కు అంచున. తిరిగితే అందరి కంటే ముందుండేది ఆమే. వీపు పెట్టుకుని ఉన్నంతసేపూ దాగినట్టే ఉంది. కాళ్ళు తిప్పితే ముందు వరస.

తట్టలను చూస్తూ నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ నేను దేని దిక్కు తిరిగి ఉన్నాను అని లెక్క చూసుకుంది. పొయ్యి గోడకు ఆనించి ఉంటుంది, కాబట్టి గోడ దిక్కు. తోముకునే గిన్నెల దిక్కు. అన్నం వడ్డించేటప్పుడు మొఖాల దిక్కు కాదు, కంచాల దిక్కు, ఎవరి కంచంలో ఏది అయిపోయిందో అని. గృహప్రవేశం నాడు ఫోటో తీసేటప్పుడు, "ఇగో, జర ఫోన్ పట్టు, నువ్వు మంచిగ తీస్తవ్" అంటే తనే తీసింది. ఆ ఫోటోలో ఇల్లు ఉంది, ఇంట్లో వాళ్ళంతా ఉన్నారు. మేడ్చల్ చౌరస్తాలోని ఫ్లెక్సీలో నల్ల కళ్ళద్దాల అన్వేష్‌గాడు వచ్చేపోయే బస్సులన్నింటికీ దండం పెడుతున్నాడు. మరిది ఉన్నాడు, మరిది బావమరిది ఉన్నాడు. ఒకసారి బండి కడిగినందుకు డ్రైవర్ లింగం మొఖం కూడా కింద మూలన వేశారు. ఇంటి పరువు కోసం ఊళ్ళో ఇన్ని మొఖాలు వేలాడదీశారు. అదే పరువు కోసం ఒక్క మొఖాన్నే దాచాలట. ఏముంది ఈ మొఖంలో అంత దాచవలసింది? ముక్కుపుడక ఉంది. ఎండకు కమిలిన చెంపలున్నాయి. పాడేటప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుందని రక్షిత ఎక్కిరిస్తుంది. అంతే కదా. అన్వేష్‌గాడి కంటే అన్యాయంగా ఏమీ లేదు.

ఆ మాట మనసులో పడగానే నవ్వు పొంగింది.

"మల్ల కొడ్త మేడం" అంది.

రెండు చిన్న దెబ్బలు. పెద్ద దెబ్బ.

బిందు తిరిగింది.

ఎదురుగా ఖాళీ కుర్చీలు. వాటి వెనక తలుపు బార్లా తీసి ఉంది. తలుపులో ఎండ, ఎండలో తన స్కూటీ. మొఖమెత్తి ఒకపారి మమ్ముల జూడు అని గొంతు వదిలింది. ఆ గొంతు పోయి అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చింది. ఇంత గొంతు తనకుందని ఆమెకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది? ఇంట్లో పాడితే మూరెడు దూరంలోనే గోడ. హెల్మెట్‌లో పాడితే అంతకంటే దగ్గర. వెనక నుంచి పిల్లల గొంతులన్నీ వచ్చి ఆమె గొంతుకు కలిశాయి. నీళ్ళు మోటారు వదలగానే కాలువలో ఉరికినట్టు ఉరికాయి. అందరూ కలిసి అడుగు వేశారు. నేల దద్దరిల్లింది. పక్క గదిలో వీణ పాఠం చెప్పే చలపతిరావు మాస్టారు తలుపులో నిలబడి, తిట్టడానికి వచ్చి, తాళం వేయడం మొదలుపెట్టాడు.

"మళ్ళీ!" అంది మేడం.

మళ్ళీ తిరిగారు. మళ్ళీ. చెమటలు కారి, జడలు ఊడి, కీసర పిల్ల తట్టలో కాలు పెట్టి పడి, లేచి, పడినందుకు తనే అందరికంటే ఎక్కువ నవ్వి, మళ్ళీ తిరిగారు. చివరికి అందరూ నేల మీద వెల్లకిలా పడ్డారు. మేడం కూడా ఒక తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

"బిందూ, రేపు పొద్దున చెప్పమన్నాను, మర్చిపోకు."

"ఇప్పుడే జెప్పిన గద మేడం" అంది బిందు, పడుకునే.

మర్నాడు పొద్దున మళ్ళీ జొన్నపిండి, మళ్ళీ పెనం. దుర్గమ్మ పీట మీద కూర్చుని కాసేపు విని, విసుక్కుంది.

"ఇయ్యాల దరువు లేదేంది? నిన్న రెండు చిన్నయి, ఒకటి పెద్దది ఉండె గద. మంచిగుండె."

బిందు ఆశ్చర్యపోయి చూసింది. ముసలామె చిక్కుడుకాయల పళ్ళెం మీద వేళ్ళతో కొట్టి చూపించింది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

"ఐతారం వస్తరా అత్తమ్మా?"

"వస్త. గానీ ఎనక కూసుంటె నాకు కండ్లు ఆనయి. నువ్వు ఏడున్నవో ఎర్కపడది."

"ఎర్కపడత తియ్యిండ్రి."

హాల్లోంచి పిలుపు వచ్చింది. "ఇగో, చాయ్."

పరమేష్ నిన్న కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు. ఫోన్‌లో ఫ్లెక్సీకి కొత్త రంగు వచ్చింది. కళ్ళు ఎత్తకుండానే చేయి చాపాడు.

"జెప్పినవా మీ మేడంకు? ఎనక వరసనే గద?"

బిందు కప్పు ఇవ్వలేదు. రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చాపిన చేయి గాలిలో అటు తడిమింది, ఇటు తడిమింది. కప్పు దొరకలేదు. చివరికి పరమేష్ తల ఎత్తాడు. వంటింటి దగ్గర పళ్ళెం మీద దరువు ఆగింది.

"మొదలు ఎనకకు తిరిగే ఉంట. తర్వాత అందరికంటె ముందుంట" అంది బిందు. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. "మీకు, అత్తమ్మకు ముందు వరసల కుర్చీలు పెట్టమన్న. ఆమెకు దూరం ఆనది. మీరు నా మొఖం జూసి గూడ శాన దినాలైంది."